వేయి ఆమడల త్రోవ

మా పెనుగొండ ప్రాంతమున నేడు ఏ వీధిలో చూచినను, కొడుకునో కూతురునో అమెరికాకు పంపిన గృహము ఒకటి రెండైన నుండక మానదు. అట్టి యింటి ముసలమ్మను "మీ బిడ్డ ఎంత దూరమున నున్నాడమ్మా?" యని యడిగిన, "ఒక పగలూ, ఒక రాత్రీ" యని చెప్పును. అదే యింటి బడిపిల్లవాని నడిగిన "పదునాలుగువేల కిలోమీటర్లు" అని తడుముకొనక చెప్పును. కాలముతో దూరమును కొలుచు అవ్వ మాట మోటుదనియు, సంఖ్యతో కొలుచు మనుమని మాట శాస్త్రీయమనియు మనమనుకొందుము. కాని విమానప్రయాణ విషయమున అవ్వ మాటయే సత్యమునకు దగ్గరగా నున్నది. అది యెట్లో, అది తెలిసికొనుట గృహిణులకు ఎందులకు అవసరమో, సోదరీమణులకు విన్నవింపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ముందుగా బడిపిల్లవాని లెక్కనే చూతము. బెంగుళూరు విమానాశ్రయము దేవనహళ్ళి యొద్ద 2008 మే మాసమున తెరువబడినది. మా ప్రాంతమువారికి పరదేశద్వారము అదియే. అమెరికా పడమటి తీరమున శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయమున్నది. ఈ రెంటి నడుమ భూమి వంపు ననుసరించి కొలిచిన సూటి దూరము సుమారు 13,990 కిలోమీటర్లు. మైళ్ళలో నిది 8,700. మన పెద్దల కొలతలో ఆమడకు ఎనిమిది మైళ్ళు గావున, వేయిన్ని ఎనుబది యేడామడలు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు; కావున భూమిమీద ఏ రెండు చోట్ల నడుమనైనను సూటి దూరము 20,000 కిలోమీటర్లకు మించదు. ఆ పరమావధిలో పదింట ఏడు పాళ్ళు బెంగుళూరునకును శాన్ ఫ్రాన్సిస్కోకును నడుమ నున్నది.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే మాసమున చెన్నపట్నమునుండి కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. వారు వ్రాసిన కాశీయాత్ర చరిత్రలో ఏ మజిలీకి ఏ మజిలీ యెంత దూరమో, త్రోవ యెట్టిదో, దిగుటకు వసతి యున్నదో లేదో వ్రాసి యుంచిరి. వారికి ప్రయాణమనగా మజిలీల మొత్తము. మొదటి యూరు పేరును కడపటి యూరు పేరును చెప్పి నడుమ నొక సంఖ్య వేసిన ప్రయాణము తెలియదని వారెరుగుదురు. విమానము వచ్చిన పిదప మనము మజిలీలను మరచితిమి. అవి పోలేదు. వాని రూపము మాత్రము మారినది.

ఈ సంగతి మా యింటికి 2022 డిసెంబరులో గట్టిగా తెలియవలసి వచ్చినది. ఆ మాసమున ఒక రాత్రి పది గంటలకు మా యమ్మగారు పరమపదించిరి. మా చెల్లెలు కాలిఫోర్నియా రాష్ట్రమున ఫ్రీమాంటు పట్టణమున నున్నది. అక్కడ అప్పుడు అదే నాటి ఉదయము ఎనిమిదిన్నర. ఫోనులో వార్త విని అది పలికిన మొదటి మాట "అక్కా, నేనొచ్చేదాకా అమ్మను ఉంచండి" యని. ముంగిట చేరిన బంధువులు ఎంతసేపు కాచుకొనవలె నని ప్రశ్నించిరి. ఎరువుల దుకాణము నడపు పొరుగాయన లెక్కలలో నేర్పరి. ఆయన వెంటనే పదునాలుగువేలను తొమ్మిదివందలతో భాగించి, "విమానము గంటకు తొమ్మిదివందల కిలోమీటర్లు పోతుంది. పదిహేనున్నర గంటలు. రేపు మధ్యాహ్నము రెండులోపల పాప ఇంట్లో ఉంటుంది" అనెను. అందరును ఊరడిల్లిరి. సాయంకాలమునకు దహనము జరుపవచ్చునని నిశ్చయమైనది.

మా వారు ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రము చెప్పుదురు. వారు మాటాడక ఒక కాగితము తీసికొని మజిలీలు వ్రాయ నారంభించిరి. సూటిగా బెంగుళూరు వచ్చు విమానము వారములో కొన్ని దినములే నడుచుచుండెను. ఆ దినమున లేదు. టిక్కెట్టు దొరికినది దోహా మీదుగా, అక్కడి సాయంకాలము నాలుగు గంటలకు. అనగా వార్త వినినది మొదలు టిక్కెట్టు చూచుకొనుట, పెట్టె సర్దుకొనుట, విమానాశ్రయమునకు పోవుట, అక్కడ ముందుగా చేరి యుండుట, వీని కన్నిటికి ఏడున్నర గంటలు. దోహా వరకు పదిహేనున్నర గంటలు. దోహాలో మరియొక విమానమునకై నాలుగు గంటలు. అక్కడినుండి బెంగుళూరునకు నాలుగు గంటలు. దిగిన పిదప వెలుపలికి వచ్చుటకు ఒక గంట. రాజమార్గము మీద బాగేపల్లి దాటి మా యూరు చేరుటకు రెండు గంటలు. కూడిన ముప్పదినాలుగు గంటలు. చెల్లెలు మరునాటి మధ్యాహ్నమున గాక, ఎల్లుండి ఉదయము ఎనిమిది గంటలకు గడప త్రొక్కును. మార్గశిరమున దేవనహళ్ళి మైదానమున తెల్లవారుజామున మంచు పట్టుట కలదు. పట్టెనా, విమానము దిగుట ఇంకను ఆలస్యమగును.

ఆ కాగితము చూచి పెద్దలలో భేదాభిప్రాయములు కలిగెను. ఒకటిన్నర దినము ఉంచుట మర్యాద గాదని కొందరు, ఫోనులో చూపిన చాలునని కొందరు పలికిరి. అంతవరకు గోడ కానుకొని కూర్చున్న మా నాయనగారు, "తొమ్మిది నెలలు దానికోసం కాచుకొన్న మనిషి, ఒకటిన్నర దినము కాచుకోలేదా? ఫ్రీజరు పెట్టె తెప్పించండి" అనిరి. ఆ మీదట ఎవరును మారుమాట యాడలేదు. ఆ తెల్లవారుజామున మంచు పట్టలేదు. చెల్లెలు ఎనిమిదింబావుకు వచ్చినది.

మొదటి లెక్కయే నిలిచి యుండిన, మరునాటి రెండు గంటలకు రాని బిడ్డకై కాచి కాచి, విసిగిన బంధువులు సాయంకాలమునకు పని ముగించి యుందురు. అప్పటికి మా చెల్లెలు ఏ మాటయు చేరని చోట, ఆకాశమున నుండును. భాగహారము తప్పు గాదు. భాగింపవలసినది అది కాదు.

ఆ శోకము కొంత తీరిన పిమ్మట మేము ఈ దూరమును గురించి తెలిసికొనవలెనని పట్టుదల వహించితిమి. మా వారు బడినుండి గోళపు బొమ్మ తెచ్చిరి. గోడమీది పటములో బెంగుళూరునుండి శాన్ ఫ్రాన్సిస్కోకు గీత గీసిన, అది బర్మా మీదుగా తూర్పునకు పోయి పసిఫిక్ మహాసముద్రము నడిబొడ్డున సాగును. గోళపు బొమ్మమీద ఒక దారము తీసికొని, ఒక కొనను బెంగుళూరున అదిమి, రెండవ కొనను శాన్ ఫ్రాన్సిస్కో మీదుగా బిగియలాగిన, ఆ దారము ఆశ్చర్యకరముగ ఉత్తరమునకు జారిపోవును. టిబెట్టు, మంగోలియా, సైబీరియాలు దాటి, ఆర్కిటిక్ సముద్రపు టంచును తాకి, అలాస్కా మీదుగా క్రిందికి దిగును. గుండ్రని భూమిమీద సూటి త్రోవ అదియే. దబ్బపండును కాగితమువలె పరచిన తొక్క చినుగును గదా! పటము గీయువారు ఆ చినుగులను సాగదీసి పూడ్తురు. అందువలన పటముమీది సూటి గీత నిజమున వంకర. దారము చూపు వంపే నిజమున సూటి. ఇంట బొమ్మ యున్నచో పిల్లలచేత దీనిని చేయించి చూడుడు.

అయినను విమానము దారము వెంట పోవునా యనిన, పోదు. టిబెట్టు పీఠభూమి నాలుగువేల మీటర్లకు మించిన యెత్తున నున్నది. విమానములోని గాలి యొత్తిడి యేదేని కారణమున తగ్గిన, చోదకులు ప్రయాణికులకు ఊపిరి యాడునంత క్రిందికి, అనగా సుమారు మూడువేల మీటర్ల యెత్తునకు, వెంటనే దిగవలెను. క్రింద నేలయే అంతకంటె ఎత్తున నున్నచో ఎక్కడికి దిగుదురు? కావున ఆ భాగమును విమానములు చాలవరకు తప్పించుకొని పోవును. ఇక రాజ్యముల సంగతి. ఆకాశమునకు గోడలు లేవని కవులందురు గాని, రాజ్యములకు ఆకాశమునందును హద్దులు కలవు. ఉక్రెయిను యుద్ధ మారంభమైన పిదప 2022 ఫిబ్రవరి కడపట రష్యా తన యాకాశమును అనేక ఐరోపా దేశముల విమానములకు మూసివేసినది. అమెరికా విమానములకును ఆ త్రోవ లేకపోయెను. భారతీయ విమానములకు అది తెరచియే యుండెను. 2025 ఏప్రిలులో పాకిస్తాను తన యాకాశమును భారతీయ విమానములకు మూసినప్పుడు, ఢిల్లీనుండి పడమటికి పోవు ప్రయాణములు దీర్ఘమయ్యెను. నేలమీద చీమంత మార్పును లేదు, కిలోమీటర్లు అవియే. గంటలు మాత్రము పెరిగినవి.

దూరపు విమానము ఎల్లప్పుడు, ఆపద వచ్చిన దిగుటకు ఏదేని విమానాశ్రయము అందుబాటులో నుండునట్లు త్రోవ చూచుకొనవలెను. 2023 జూన్ 6న ఢిల్లీనుండి శాన్ ఫ్రాన్సిస్కోకు పోవుచున్న ఎయిరిండియా విమానము యంత్రదోషమువలన రష్యా తూర్పు కొననున్న మగదాను పట్టణమున దిగవలసి వచ్చినది. అందులో 216 మంది ప్రయాణికులుండిరి. వారి కొరకు మరియొక విమానము పంపబడు వరకు ఆ చలిదేశమున తల దాచుకొనిరి. ఎన్నడును విననట్టి యూళ్ళు మన ప్రయాణపు లెక్కలో నిట్లు మజిలీలై దాగియున్నవి.

వీనియన్నిటికంటె బలమైనది గాలి. భూమధ్యరేఖ యొద్ద వేడిమి, ధ్రువముల యొద్ద శీతలము. ఆ భేదమువలనను, భూమి తిరుగుటవలనను, తొమ్మిది మొదలు పండ్రెండు కిలోమీటర్ల యెత్తున పడమటినుండి తూర్పునకు నదులవంటి గాలులు వీచుచుండును. ఇంగ్లీషువారు దీనిని జెట్ స్ట్రీమ్ అందురు. చలికాలమున జపాను మీద దీని వేగము గంటకు రెండు మూడువందల కిలోమీటర్లు కూడ నుండును. జపాను దేశపు వాతావరణశాస్త్రజ్ఞుడు ఓయిషి వాసబురో 1920 తరువాతి సంవత్సరములలో బుడగలు ఎగురవేసి ఈ గాలిని కనిపెట్టెను. లోకమెల్లరు చదువవలెనని తన పరిశోధనను 1926లో ఎస్పెరాంటో అను కల్పితభాషలో ప్రకటించెను. ఆ భాష తెలిసినవారు అల్పులు గావున, అది చాలకాలము లోకమున కెక్కలేదు.

ఈ గాలి మహిమ మన లెక్కను తలక్రిందులు చేయును. విమానము గాలిలో గంటకు 900 కిలోమీటర్లు పోవుననుకొందము. వెనుకనుండి 150 కిలోమీటర్ల గాలి త్రోసిన నేలమీది లెక్కకు అది 1,050 అగును. ఎదురు వీచిన 750 అగును. 15,000 కిలోమీటర్లు పోవుటకు మొదటి విధమున పదునాలుగుంబావు గంటలు, రెండవ విధమున ఇరువది గంటలు. దీనికి నిదర్శనము 2016లో జరిగినది. ఢిల్లీనుండి శాన్ ఫ్రాన్సిస్కోకు ఎయిరిండియా విమానము 2015 డిసెంబరునుండి అట్లాంటిక్ వైపుగ, సుమారు 13,900 కిలోమీటర్లు పోవుచుండెను. 2016 అక్టోబరులో దానిని పసిఫిక్ వైపునకు మరలించిరి. త్రోవ 15,300 కిలోమీటర్లయ్యెను. అనగా 1,400 అధికము. ప్రయాణకాలము మాత్రము పదునాలుగున్నర గంటలకు దిగి, వెనుకటికంటె ఇంచుమించు రెండు గంటలు తగ్గెను. త్రోవ పెరిగి ప్రయాణము తగ్గుట బడిపిల్లవాని కొక చిక్కు ప్రశ్న, అవ్వకు కాదు. కృష్ణలో పడవను వరవడిన విడుచుటయు, ఎదురీదించుటయు ఒకటి కాదని ఆమె యెరుగును.

మేము చిన్ననాట మా తాతగారి యొద్ద మేఘసందేశము చదువుకొన్నప్పుడు, అలకాపురికి ఉత్తరముగ పోవలసిన మేఘుని యక్షుడు, త్రోవ వంకరయైనను ఉజ్జయినికి పోయి పొమ్మని చెప్పుటను ఆ నగరసౌందర్యముమీది మమకారముగ మాత్రమే గ్రహించితిమి. నేడు ఆకాశమార్గములను గూర్చి తెలిసిన పిదప, మబ్బును నడుపునది గాలియే గదా, ఆ వంపు ఎంత సహజమైనది యని తోచుచున్నది.

ఈ త్రోవను గూర్చి స్త్రీలమైన మనము గర్వింపదగిన సంగతి యొకటి కలదు. శాన్ ఫ్రాన్సిస్కోనుండి బెంగుళూరునకు ఆగకుండ వచ్చు మొదటి విమానము 2021 జనవరి 9వ తేదీ రాత్రి అక్కడ బయలుదేరి, ఉత్తరధ్రువము మీదుగ పయనించి, 11వ తేదీ తెల్లవారుజామున దేవనహళ్ళిలో దిగెను. దానిని నడిపిన చోదకులందరును స్త్రీలే. ప్రధానచోదకురాలు జోయా అగర్వాలు. తోడుగా పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావణే, శివానీ మన్హాసు అను మువ్వురు. వారు వచ్చిన త్రోవ సుమారు 16,000 కిలోమీటర్లనియు, పట్టిన కాలము పదునేడు గంటలనియు నాటి పత్రికలు వ్రాసినవి. వారు నడిపిన బోయింగు 777 జాతి దూరవిమానము ఒక లక్షా ఎనుబదివేల లీటర్ల యింధనమును మోయగలది. ధ్రువము మీద దిక్సూచి ముల్లు నమ్మదగినది కాదు. ఇంధనము మిక్కిలి చల్లబడి చిక్కబడకుండ కనిపెట్టి యుండవలెను. ఇంటిలో దీపపు నూనె, బియ్యపు డబ్బా కనిపెట్టి యుండు నేర్పు, ఆకాశమునకు పోయినను స్త్రీని విడువలేదు.

2024లో మా చెల్లెలికి కాన్పు వచ్చినది. పురుటికి పుట్టింటి తల్లి పోవుట మన యాచారము. తల్లి లేని లోటు అక్కయే తీర్పవలెను గదా! వేసవి సెలవులు కలిసి రాగా, మేమిరువురము మే మాసమున బయలుదేరితిమి. శొంఠిపొడి, వాముపొడి, పాత చీరల మెత్తని గుడ్డలు సర్దుకొంటిమి. తినుబండారములు కొనిపోవువారు అక్కడి సుంకపు టధికారులకు ముందుగనే చెప్పి చూపవలెను, దాచుట తగదు.

దేవనహళ్ళి విమానాశ్రయపు రెండవ భవనము 2022 నవంబరులో ప్రారంభింపబడినది. పైకప్పునుండి వెదురు పలకలు, వ్రేలాడు తీగలు, నీటి కొలనులు. ఏదో యాశ్రమవాటికయందు తిరుగుచున్నట్లుండును. పురుటి బరువును, తల్లి లేని దిగులును మోసికొని పోవు మా వంటివారికి ఆ పచ్చదనము కొంత యూరట. ప్రయాణమునకు మూడు గంటల ముందే చేరవలెనని నియమము గావున, మేము ఇంటినుండి ఉదయము తొమ్మిదింటికే కదలి, మధ్యాహ్నము రెండు గంటలకు పైకి లేచితిమి.

విమానము తూర్పుగ పోవుచుండుటచే సూర్యుడు మాకు వెనుకబడి త్వరితముగ క్రుంకెను. ఆ రాత్రి మిక్కిలి చిన్నది. కన్ను మూసి తెరచునంతలో పసిఫిక్ సముద్రము మీద తెల్లవారుచుండెను. ఆ సముద్రము నడుమ తేదీరేఖ యున్నది. అది దాటునప్పుడు పంచాంగపు పుట ఒకటి వెనుకకు తిరుగును. ఇంటియొద్ద ఉదయమున మ్రొక్కిన సూర్యునకే, తేదీ ప్రకారము ఆ దినముననే మరల ఉదయించగా మరియొకమారు మ్రొక్కితిమి. పదునారు గంటలు, అనగా సరిగ నలుబది ఘడియలు, గడచినవి. దిగినప్పుడు అక్కడ అదే తేదీ సాయంకాలము అయిదున్నర. కాగితము మీద మా ప్రయాణము మూడున్నర గంటలే! టిక్కెట్టు మీది వేళలను చూచి ప్రయాణకాలమును లెక్కించువారు ఈ మాయను గుర్తుంచుకొనవలెను. టిక్కెట్టు మీద ప్రతి వేళయు ఆ యూరి వేళయే. మనకును కాలిఫోర్నియాకును వేసవిలో పండ్రెండున్నర గంటలు, చలికాలమున పదుమూడున్నర గంటలు భేదము.

శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయము ఆ పట్టణమునకు దక్షిణముగ అఖాతపు టొడ్డున నున్నది. దిగునప్పుడు చక్రములు నీటిలోనే మునుగునేమో యన్నంతగ నీరు దగ్గరకు వచ్చి, కడపటి క్షణమున నేల కనబడును. అఖాతము మీది వంతెన దాటిన, ఇంచుమించు గంటలో ఫ్రీమాంటు. తూర్పున మా పెనుగొండ కొండలవలెనే బోడికొండలు. వానకాలమున పచ్చగను, వేసవిలో పండిన వరిమడివలె పసుపుగను నుండును. అంగడులలో గోంగూర, మునగకాడలు దొరకును. లివర్‌మోరు పట్టణమున శివవిష్ణువుల దేవాలయమున్నది. చెల్లెలి యింట మొదటి వారము మేము అర్ధరాత్రి మేలుకొని, పగలు నిద్రించితిమి. దేహమునకు దినమునకు సుమారొక గంట వంతున క్రొత్త వేళ అలవడునని వైద్యులందురు, మాకట్లే జరిగినది. శిశువునకును రాత్రింబగళ్ళ భేదము లేదు గావున, ఆ వారము దానికి తోడు మేమే.

అక్కడ నుండగా మా చెల్లెలు ఒక సందేహ మడిగెను. "అమ్మ తిథి నాడు దీపము పెడతాను. మీ పంచాంగము తేదీ చూడవలెనా, ఇక్కడిదా?" అని. తిథి యనగా సూర్యచంద్రుల నడుమ పండ్రెండు భాగల యెడము. అది ముగియు క్షణము లోకమంతటికి ఒక్కటియే. మార్గశిరమున ఒక తిథి మన యూరిలో ఉదయము పదింటికి ముగిసిన, ఫ్రీమాంటులో అది ముందునాటి రాత్రి ఎనిమిదిన్నరకే ముగిసినట్లు. కావున సూర్యోదయమున నుండు తిథి అక్కడ వేరొక తేదీన రావచ్చును. ఆయా పట్టణమునకు గణించిన పంచాంగమునే చూడవలెను. ఇక్కడివారు "ఈ దినమే గదా" యని ఫోను చేసి నొచ్చుకొనుటయు, అక్కడివారు "నిన్ననే చేసితిమి" యని చెప్పుటయు, ఇరువురును నిజమే చెప్పుచుండుటయు, మనయిండ్లలో తరచు జరుగుచున్నది.

తిరుగు ప్రయాణము పడమటి దెస. గాలి ఎదురగును గావున చోదకులు దానిని తప్పించుకొని ఉత్తరముగ, అలాస్కా మీదుగ సైబీరియా దెసకు నడుపుదురు. జూన్ మాసపు మొదటి రాత్రులలో నొకనాడు తొమ్మిదింటికి చీకటిలో బయలుదేరితిమి. ఉత్తరమునకు పోను పోను చీకటి గాఢమగుటకు మారు పలుచనై, ఆకాశపు టంచున ఎరుపు నిలిచి, తుదకు సూర్యుడే కనబడెను. దేవతలకు మన ఉత్తరాయణము పగలనియు, దక్షిణాయనము రాత్రియనియు చదువుకొన్నాము. మేరువునందలి దేవతలు ఆరు మాసములు సూర్యుని చూతురని సూర్యసిద్ధాంతము చెప్పును. ఆ మాట కిటికీలోనుండి కనులార చూచితిమి. పదునేడున్నర గంటల పిమ్మట దేవనహళ్ళిలో దిగునప్పటికి తెల్లవారుజాము మూడు గంటలు, తేదీ మూడవది. నడుమ నొక దినము ఇంటి ముగ్గు లేక, దీపము లేక, ఆకాశముననే కరిగిపోయినది. పోవునప్పుడు మిగిలిన దినమును వచ్చునప్పుడు చెల్లించితిమన్నమాట.

సోదరీమణులారా! బిడ్డలు దూరదేశమున నున్న ప్రతి గృహమునను మజిలీల కాగిత మొకటి యుండవలెనని మా మనవి. ఆపద వచ్చిన నాడు లెక్కించుట కుదరదు. ముందుగ వ్రాసి బీరువా లోపలి తలుపునకు అంటింపవలెను. బిడ్డ యింటినుండి విమానాశ్రయమునకు ఎన్ని గంటలు. సూటి విమానమున్నదా, ఏ వారములందు. లేనిచో ఏ యూరిలో మారవలెను, అక్కడ ఎంత కాచుకొనవలెను. దిగిన పిదప మన గడప చేరుటకు ఎంత. ఇవన్నియు కూడి వ్రాయుడు. కిలోమీటర్లలో కానరాని మజిలీ మరియొకటి కలదు. అక్కడ ఉద్యోగమున నున్న బిడ్డకు తిరిగి పోవుటకు వలయు వీసా ముద్ర చెల్లుబాటులో నున్నదో లేదో అడిగి తెలిసికొనుడు. అది లేనిచో వచ్చుట సాధ్యమే గాని, తిరిగి పోవుటకు మాసములు పట్టవచ్చును. ఆ భయముననే రాలేక కుమిలిన బిడ్డలు కలరు. వారిని నిందింపక, సమయమున్నప్పుడే హెచ్చరించుట మేలు. ఇంటి పెద్దలతో "ఎన్ని గంటలు కాచుకొందుము" అను మాటను కూడ, అందరును ఆరోగ్యముగ నున్న నాడే ఆడుకొనుట మంచిది. అది అమంగళము గాదు. ఇంటికి వచ్చు బిడ్డకు తలుపు తీసి యుంచుట వంటిది.

విమానముల వేళలును, త్రోవలును, రాజ్యముల యాకాశములును ఏటేట మారుచుండును. కావున మేము ఆ కాగితమును ప్రతి యుగాదినాడును, పంచాంగశ్రవణమైన పిదప, చెల్లెలితో ఫోనులో మాటాడుచు సరిదిద్దుకొనుచున్నాము. ఇటీవల అందులో మా నాయనగారు తమ చేతివ్రాతతో ఒక పంక్తి చేర్చిరి: "నా విషయమునను ఇంతే కాచుకొనవలెను" అని.